ఒక్క ఊరికి ఇన్ని జనాభాలా? దక్షిణ తెలంగాణ చిన్న పట్టణాల లెక్కలు చదవడమెలా

హాలియా జనాభా ఎంత? నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్న అడిగితే ఎవరి చేతిలో ఏ కాగితం ఉంటే ఆ అంకె చెబుతారు. మున్సిపాలిటీ పేరు హాలియా. మండలం పేరు అనుముల. 2011 జనగణన నాటికి ఆ మున్సిపాలిటీయే లేదు. ఓటరు జాబితా లెక్క వేరు, రేషన్ కార్డుల యూనిట్ల లెక్క వేరు, 2024 నవంబర్‌లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కులగణన సర్వే లెక్క వేరు. వీటిలో ఏదీ అబద్ధం కానక్కర్లేదు. ఒక్కొక్కటి ఒక్కో ఎల్లలోపల, ఒక్కో తేదీన, ఒక్కో నియమం ప్రకారం లెక్కపెట్టిన సంఖ్య.

ఇప్పుడు ఈ గందరగోళం పెరగడానికి కారణం 2027 జనగణన. 2011 తర్వాత 2021లో జరగాల్సింది ఆగిపోయి పదహారేళ్ల అంతరం వచ్చింది. 2026 ఏప్రిల్, సెప్టెంబర్ మధ్య ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క, ఫిబ్రవరి 28 ముగిసి 2027 మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి ప్రామాణిక క్షణం (ఆ క్షణానికి ఉన్న జనమే లెక్క). ఈ పదహారేళ్లలో ఇక్కడ రాష్ట్రం మారింది, జిల్లాలు మారాయి, పంచాయతీలు చీలాయి, మున్సిపాలిటీలు పుట్టాయి. కొత్త అంకెలు రాగానే పాతవాటి పక్కన పెట్టి ‘మన ఊరు ఇంత పెరిగింది’ అనేవాళ్లు చాలామందే ఉంటారు. అలా పక్కన పెట్టేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందుగా ఎల్ల: ఏ గీత లోపలి జనం?

‘దేవరకొండ జనాభా’ అన్నప్పుడు అది పట్టణం కావచ్చు, మండలం కావచ్చు, రెవెన్యూ డివిజన్ కావచ్చు, అసెంబ్లీ నియోజకవర్గం కావచ్చు. నాలుగూ దేవరకొండే. పట్టణం లెక్క పక్కన నియోజకవర్గం లెక్క పెడితే ఒకటి వేలల్లో ఉంటుంది, రెండోది లక్షల్లో. ఇంటర్నెట్‌లో తిరిగే ఊళ్ల పరిచయాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. మండలం అంకె తీసుకుని పట్టణానికి అతికిస్తారు.

పల్లెల్లో జనగణనకు యూనిట్ రెవెన్యూ గ్రామం. అంటే పహాణీలో (భూమి రికార్డులో), సర్వే నంబర్లలో కనిపించే ఊరు. గ్రామ పంచాయతీ దాంతో సరిగ్గా సరిపోవాలని లేదు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండొచ్చు. శివారు పల్లెలకు, తండాలకు జనగణన పట్టికలో విడిగా వరుస ఉండదు, అవి తల్లి గ్రామం లెక్కలోనే కలిసిపోతాయి. తండా జనాభా విడిగా దొరకలేదని అక్కడ జనం లేరనుకోకూడదు.

2018లో తెలంగాణలో కొత్తగా 4,383 గ్రామ పంచాయతీలు ఏర్పడ్డాయి. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు దీని ప్రభావం బాగా కనిపిస్తుంది. ఒక లెక్క కట్టి చూద్దాం (ఊరు కల్పితం, అంకెలు కూడా). 2011లో 4,100 మంది ఉన్న గ్రామం. దానిలోని మూడు తండాల్లో 560, 720, 610 మంది, మొత్తం 1,890. ఆ మూడూ విడిపోతే తల్లి పంచాయతీకి మిగిలేది 2,210. పంచాయతీ రికార్డు చూస్తే ఊరు సగానికి పడిపోయినట్టుంటుంది. జనగణన పట్టికలో అదే ఊరు 4,100 దగ్గరే ఉంటుంది. ఒక్క కుటుంబం కూడా సామాన్లు సర్దుకోలేదు.

పట్టణాల్లో జరిగింది అచ్చంగా దీనికి తలకిందులు. 2018 ప్రాంతంలోనే చండూరు, హాలియా, భూదాన్ పోచంపల్లి, మోత్కూరు, కొత్తకోట, పెబ్బేరు, అమరచింత, కోస్గి, ఆలంపూర్ లాంటి ఊళ్లు మున్సిపాలిటీలయ్యాయి. చాలాచోట్ల చుట్టుపక్కల పల్లెల్ని కలిపితేనే మున్సిపాలిటీకి సరిపడా జనం, ఆదాయం చూపించగలరు. ఫలితంగా పల్లెల లెక్క చీలి చిన్నదైంది, పట్టణాల లెక్క కలుపుకుని పెద్దదైంది.

పేర్ల చిక్కు వేరే. షాద్‌నగర్ పట్టణం ఉన్న మండలం ఫరూఖ్‌నగర్. జడ్చర్లను వెతికేవాళ్లు బాదేపల్లిని కూడా చూడాలి, మార్కెట్ యార్డు పేరే బాదేపల్లి. నాగార్జునసాగర్ అని లోకమంతా పిలిచే ఊరు జనగణనలో విజయపురి నార్త్, మున్సిపాలిటీగా నందికొండ, అక్కడివాళ్లకు హిల్ కాలనీ, పైలాన్ కాలనీ.

పట్టణం అని ఎప్పుడు అంటారు?

రెండు దారులున్నాయి. మొదటిది చట్టం దారి. ప్రభుత్వం మున్సిపాలిటీగానో కార్పొరేషన్‌గానో ప్రకటిస్తే ఆ ఊరు పట్టణమే, జనం ఎంతమంది, ఏం పని చేస్తున్నారు అని జనగణన అడగదు. రెండోది లెక్క దారి. పంచాయతీగానే ఉన్నా మూడు పరీక్షలు నెగ్గితే దాన్ని ‘సెన్సస్ టౌన్’ అంటారు. కనీసం 5,000 జనాభా ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ప్రధాన పనివారైన మగవాళ్లలో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ప్రధాన పనివారంటే ఏడాదిలో ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ పని దొరికినవారు.

రెండో పరీక్షలో తప్పే ఊళ్లు ఉంటాయి. మన వైపు రెవెన్యూ గ్రామాలు విస్తారమైనవి. ఊరు కొంచెమే, చుట్టూ చెల్కలు, గుట్టలు, చెరువు శిఖం ఎక్కువ. 6,800 మంది ఉన్న ఊరి విస్తీర్ణం 16 చదరపు కిలోమీటర్లు (సుమారు 3,950 ఎకరాలు) అయితే సాంద్రత 425, నెగ్గినట్టు. అదే ఊరికి 24 చదరపు కిలోమీటర్ల భూమి ఉంటే సాంద్రత 283, తప్పినట్టు. నడిమిబొడ్డులో దుకాణాలు ఎంత కిక్కిరిసి ఉన్నా లెక్కకు రాదు.

మూడో పరీక్షలో ఆడవాళ్ల పని అసలు చూడరు. అదే ఊళ్లో ప్రధాన పనివారైన మగవాళ్లు 1,900 మంది, వారిలో రైతులు, కూలీలు కలిపి 430 అనుకుందాం. మిగతా 1,470 అంటే 77 శాతం, పాసు. ఆడవాళ్లను కలిపి మొత్తం 3,000 మందిలో వ్యవసాయేతరులు 1,800 అయితే 60 శాతమే, ఫెయిలు. నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే అయిన ప్రాంతంలో ఈ నియమం ఊరిని అసలుకంటే పట్నంగా చూపిస్తుంది. ఎందుకిలా పెట్టారంటే, ఆడవాళ్ల పనిని నమోదు చేయడంలో ఒక జనగణనకూ మరోదానికీ పొంతన కుదరదని, అందువల్ల ఊళ్ల హోదా అటూ ఇటూ ఊగుతుందని సమర్థించేవాళ్లు చెబుతారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ సగం జనం పనిని వదిలేసి ఊరి స్వభావం తేల్చడం అంతకంటే పెద్ద లోపమని నా ఉద్దేశం.

చేనేత ఊళ్లకు మాత్రం ఈ పరీక్ష సులువు. ఇంట్లో మగ్గం మీద పని ‘గృహ పరిశ్రమ’ కింద, అంటే వ్యవసాయేతరం కింద పడుతుంది. పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్, నారాయణపేట వైపు ఊళ్ల పట్టికలు చదివేటప్పుడు ఈ గడి తప్పక చూడాలి. భూదాన్ పోచంపల్లిది ఇంకా చిత్రమైన కథ. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైన ఊరు, ఇక్కత్ చీరల ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అప్పటికే అది మున్సిపాలిటీ.

హోదా మారితే ఇంటికి తగిలేది ఏమిటి? సెన్సస్ టౌన్‌గా ఉన్నంతకాలం ఏమీ మారదు, సర్పంచే ఉంటాడు, గ్రామీణ పథకాలన్నీ వర్తిస్తాయి. మున్సిపాలిటీ అయితే ఉపాధి హామీ పనులు ఆగుతాయి, అవి గ్రామీణ ప్రాంతాలకే. ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, ఇంటి నిర్మాణ అనుమతుల పద్ధతి మారుతాయి. విలీనమైన పల్లెల్లో గొడవ ఇక్కడే. బస్టాండు దగ్గర దుకాణం ఉన్నవాడికి సీసీ రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపాలు, భూమి ధర కనిపిస్తాయి. మూడు కిలోమీటర్ల అవతల కూలికి పోయే కుటుంబానికి వేసవిలో పోయిన పని కనిపిస్తుంది. పట్టణం పెరగబోతోంది కాబట్టి ముందే ప్రణాళిక ఉండాలన్నది ఒక వాదన. పెరగకముందే పట్టణం పేరుపెట్టి పన్ను వేస్తున్నారన్నది మరో వాదన. ఏ ఊరికి ఏది సరిపోతుందో తేల్చడానికి ఆ విలీన గ్రామంలో వ్యవసాయ కూలీల వాటా ఎంతో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

ఏ నెలలో లెక్కపెట్టారు?

పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు అన్నిటికంటే పెద్ద మెలిక ఇదే.

మన జనగణన మనిషిని సొంతూరి ప్రకారం లెక్కపెట్టదు. లెక్క జరిగే రోజుల్లో ఎక్కడ ఉంటే అక్కడ రాస్తారు. 2011లో ఆ గడువు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ రోజుల్లో ఒక్క రాత్రయినా ఇంటి దగ్గర ఉంటే ఆ ఇంటి మనిషే. మొత్తం ఇరవై రోజులూ బయటే ఉంటే ఇంటివాళ్లు ఎంత చెప్పినా పేరు ఎక్కదు, అతను ఉన్నచోటే ఎక్కాలి. ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లులేనివాళ్లను లెక్కించారు. మార్చి 1 నుంచి 5 వరకు మళ్లీ తిరిగి, మధ్యలో పుట్టినవారిని కలిపి, చనిపోయినవారిని తీసేశారు.

ఇప్పుడు నారాయణపేట, మక్తల్, కోస్గి, దామరగిద్ద, కొడంగల్ వైపు వ్యవసాయ క్యాలెండర్ తీయండి. వానాకాలం పంట ఇంటికి చేరాక ముంబై, పుణె, హైదరాబాద్ దారి పడతారు. మళ్లీ వానల ముందు వస్తారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయే పాలమూరు లేబర్ దేశంలో ఎన్ని ప్రాజెక్టులకు మట్టి మోసిందో చెప్పనక్కర్లేదు. నల్లగొండ వైపు నుంచి భీవండి, షోలాపూర్, సూరత్‌లకు పోయిన పద్మశాలీలది ఎక్కువగా కుటుంబాలతో స్థిరపడ్డ వలస. వీళ్లు ఏ నెలలోనూ ఇక్కడి లెక్కలో పడరు. పాలమూరు కూలీలు మాత్రం ఫిబ్రవరిలో పడరు, ఆగస్టులో పడతారు.

లెక్కలో చూస్తే తెలుస్తుంది. ఇదీ కల్పిత ఊరే. ఊరి మొత్తం మనుషులు 9,600. మగవాళ్లు 4,830, ఆడవాళ్లు 4,770. వెయ్యి మగవాళ్లకు 988 మంది ఆడవాళ్లు. ఫిబ్రవరిలో కొన్ని ఇళ్లకు పూర్తిగా తాళం, 600 మంది లేరు. మరికొన్ని ఇళ్లలో ఒకరిద్దరు చొప్పున 500 మంది లేరు. పోయినవారు మొత్తం 1,100, అందులో 710 మంది మగవాళ్లు, 390 మంది ఆడవాళ్లు. మిగిలిన 8,500 మందిలో మగవాళ్లు 4,120, ఆడవాళ్లు 4,380. నిష్పత్తి 1,063కు ఎగబాకింది. పట్టిక మాత్రమే చూసేవారు ‘ఇక్కడ ఆడపిల్లల పట్ల వివక్ష లేదు’ అని రాసే ప్రమాదముంది. అక్కడ జరిగింది మగవాళ్లు ఊళ్లో లేకపోవడం. అసలు సంగతి తెలియాలంటే ఆరేళ్లలోపు పిల్లల నిష్పత్తి వేరుగా చూడాలి. వలస దాన్ని అంతగా కదపదు.

2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే దీనికి ఎదురు కొస. ఒకే రోజు, సెలవు ప్రకటించి, ఇంట్లో ఉన్నవారి వివరాలు రాశారు. ఉండకపోతే పథకాలు పోతాయన్న భయంతో బస్సులు, రైళ్లు కిటకిటలాడేలా జనం సొంతూళ్లకు వచ్చారు. ఆ లెక్కలో పల్లెలు నిండుగా, హైదరాబాద్ పలచగా కనిపించడం సహజం. 2011 జనగణన అంకె నుంచి 2014 సర్వే అంకెకు గీత గీసి ‘మూడేళ్లలో పెరుగుదల’ అనడం కుదరదు. ఒకటి ఉన్నచోటి లెక్క, రెండోది వచ్చిన చోటి లెక్క.

ఏది సరైనది? బస్సులు, మంచినీళ్లు, ఆసుపత్రి పడకలు ఏడాది పొడుగునా ఎవరు వాడతారో తెలియాలంటే ఉన్నచోటి లెక్కే కావాలి. నిధులు, సీట్లు, రేషన్ పంచాలంటే సొంతూరి లెక్క న్యాయమని వలస జిల్లాలవాళ్లు అంటారు. కూలీ ముంబైలో తాత్కాలిక గుడిసెలో ఉంటే అక్కడి ఎన్యుమరేటర్ (ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసే ఉద్యోగి) అతన్ని రాస్తాడా అన్న సందేహం కూడా వాళ్లది. ఇక్కడ పేరు ఎక్కక, అక్కడా ఎక్కకపోతే ఆ మనిషి రాష్ట్రాల లెక్కల మధ్య జారిపోతాడు.

జిల్లా మారితే పాత అంకె ఏమవుతుంది?

2011లో ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా 34,88,809, ఉమ్మడి మహబూబ్‌నగర్‌ది 40,53,028. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాక పాత లెక్కనే మండలాలవారీగా విడదీసి పంచారు. నల్లగొండకు 16,18,416, సూర్యాపేటకు 10,99,560, యాదాద్రి భువనగిరికి 7,70,833. కూడితే పాత అంకె సరిగ్గా వస్తుంది. కానీ గుండాల మండలం మధ్యలో కొన్నాళ్లు జనగామ జిల్లాలోకి వెళ్లి తిరిగొచ్చింది. ఆ కాలపు పట్టిక మీ చేతికొస్తే యాదాద్రి అంకె తక్కువగా ఉంటుంది, కూడికా కుదరదు.

మహబూబ్‌నగర్‌లో ఇలా కూడితే అసలే కుదరదు. నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019 ఫిబ్రవరి 17న వచ్చిన నారాయణపేట, మిగిలిన మహబూబ్‌నగర్, ఈ అయిదూ కలిపినా 40 లక్షలు రావు. షాద్‌నగర్, ఆమనగల్లు వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ వికారాబాద్‌కు పోయాయి.

ఇంకా వెనక్కి వెళ్తే రాష్ట్రాలే మారతాయి. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో. కాబట్టి 1901 నుంచి 1951 దాకా గద్వాల జనాభా కావాలంటే మహబూబ్‌నగర్ సంపుటం తిరగేసి లాభం లేదు. మునగాల పరగణాది మరీ విడ్డూరం. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో అది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ, కృష్ణా జిల్లా. దాని పాత లెక్కలు హైదరాబాద్ పుస్తకాల్లో ఉండవు. ఇవాళ అది సూర్యాపేట జిల్లా.

1985లో తాలూకాలు, సమితుల స్థానంలో మండలాలు రావడం మరో తెగిన చోటు. 1981 తాలూకా అంకెను 1991 మండలం అంకెతో పోల్చకూడదు, పేరు ఒకటే అయినా. తాలూకా నాలుగైదు మండలాలంత పెద్దది.

చరిత్ర అంకెల్లో ఎలా దిగుతుంది

ఇక్కడి చిన్న పట్టణాలు ఒకే కారణంతో పుట్టలేదు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు సంస్థానాల రాజధానులు. కోట, కొలువు, దాన్ని అంటిపెట్టుకున్న చేతిపనులు, వ్యాపారులు. సంస్థానాలు పోయాక వీటికి ఆదాయ మార్గం మారాల్సి వచ్చింది. రైలు అన్నిటినీ ఒకేలా చూడలేదు. గద్వాలకు స్టేషన్ ఊళ్లోనే దొరికింది, వనపర్తికి దొరికింది దూరంగా ఉన్న వనపర్తి రోడ్. మిర్యాలగూడది కాలువ కథ, సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి, రైస్ మిల్లులు. 1985 తర్వాత చాలా పల్లెలకు మండల కార్యాలయం, పోలీస్ స్టేషన్, జూనియర్ కాలేజీ వచ్చి పట్నం పోలిక వచ్చింది. అయితే అక్కడ పనిచేసే టీచర్లు, ఉద్యోగుల్లో చాలామంది సాయంత్రం బస్సెక్కి నల్లగొండకో హైదరాబాద్‌కో పోతారు. జనగణన రాత్రి నిద్రపోయే ఇంటిని చూస్తుంది. అంగడి రోజు పగలు కనిపించే జనం ఏ పట్టికలోనూ ఉండరు.

నందికొండ ఒక్కటే పెరిగి తగ్గే పట్టణానికి శుభ్రమైన ఉదాహరణ. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశాక డ్యాం పని కోసం కట్టిన కాలనీలు అవి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పని అయిపోతే పనివాళ్లు పోతారు. అలాంటి ఊరికి జనాభా తగ్గడం పతనం కాదు, కట్టిన పని తీరడం. శ్రీశైలం ముంపు దీనికి మరో రూపం. 1981లో ఖాళీ చేయించిన కృష్ణా తీర గ్రామాలు కొన్ని రెవెన్యూ రికార్డుల్లో పేరుతో మిగిలాయి, మనుషుల గడిలో సున్నాతో. ఆ జనం చేరిన పక్క ఊళ్లలో అదే దశాబ్దం పెరుగుదల ఉబ్బి కనిపిస్తుంది.

జిల్లా జనగణన దర్శిని (డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్)లోని పట్టణాల డైరెక్టరీలో మొదటి పట్టిక ఇలాంటి కథల్ని ఒక వరుసలో పెడుతుంది. పట్టణం హోదా, విస్తీర్ణం, 1901 నుంచి ప్రతి పదేళ్ల జనాభా, మార్పు శాతం. వరుసలో ఎక్కడైనా ఖాళీ ఉంటే ఆ ఏడాది ఊరు పట్టణంగా లేదని అర్థం. 1961లో నిర్వచనం బిగించినప్పుడు 1951లో పట్టణాలైన ఊళ్లు దేశమంతటా వందలు పల్లెల కింద పడ్డాయి. ఎక్కడైనా ఒక్కసారి 40, 50 శాతం దూకితే ముందు విస్తీర్ణం గడి చూడండి. అదీ దూకితే పల్లెలు కలిశాయి.

2027 అంకె చేతికొచ్చాక

చివరి లెక్క, ఇదీ ఊహే. ఒక ఊరు 2001లో 14,200, 2011లో 16,330. పదేళ్లలో 15 శాతం. 2018లో మున్సిపాలిటీ అయింది, 2011లో 5,670 మంది ఉన్న నాలుగు పల్లెలు కలిశాయి. 2027లో 26,400 వచ్చిందనుకుందాం. 16,330 నుంచి 26,400 అంటే దాదాపు 62 శాతం, పతాక శీర్షికకు సరిపోతుంది. కలిసిన పల్లెల్ని 2011 లెక్కలోనూ కలిపితే మొదలు 22,000, పెరుగుదల 20 శాతం. ఇక్కడితో ఆగితే 15 కంటే 20 ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ 15 శాతం పదేళ్లది, 20 శాతం పదహారేళ్లది. ఏడాదికి విడదీస్తే మొదటిది 1.4 శాతం, రెండోది 1.15 శాతం. ఊరు పెరిగింది, మునుపటికంటే నెమ్మదిగా.

ఈ లెక్కకు కావాల్సినవి మూడు కాగితాలు. మున్సిపాలిటీ ఏర్పాటు చేసిన జీవో (ఏ గ్రామాలు, పూర్తిగానా, కొన్ని సర్వే నంబర్లేనా), 2011 గ్రామాలవారీ పట్టిక, కొత్త పట్టిక. గ్రామంలో కొంత భాగమే కలిస్తే 2011 అంకెను కచ్చితంగా విడదీయడం సాధ్యం కాదు. అప్పుడు మొత్తం మండలాన్ని, దాని ఎల్లలు మారకపోయి ఉంటే, పోల్చడం మేలు. ఇంకో తేదీ కూడా గుర్తుపెట్టుకోవాలి. ఈ జనగణనకు పాలనా ఎల్లల్ని 2025 డిసెంబర్ 31 నాటికి ఉన్నట్టు బిగించారు. ఆ తర్వాత కలిసిన గ్రామం, చీలిన వార్డు పట్టికలో పాత రూపంలోనే వస్తాయి. ముందు వెలువడేవి రాష్ట్రాల, జిల్లాల తాత్కాలిక మొత్తాలు. ఊళ్లవారీ పట్టికలు వచ్చేదాకా ఏ చిన్న పట్టణం పేరుతో ‘2027 జనాభా’ కనిపించినా, అది ఎవరో పాత అంకెను ముందుకు జరిపి వేసిన అంచనా.